సైకిలు చలానా

జర్మన్‌టౌన్, ఫిలడెల్ఫియా
ఏప్రిల్

ఒరేయ్ కార్నెల్,

బాగున్నావా అని అడగను. అడిగితే నువ్వు ఇక్కడంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాస్తావు. జైల్లో క్షేమమేమిటో నాకు ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు.

నీకు ఈ ఉత్తరం నకలే అందుతుందని తెలుసు. అసలు కాగితాన్ని ఎక్కడో వేరే రాష్ట్రంలో యంత్రం కింద పెట్టి నకలు తీసి, అసలుది పారేస్తారట కదా. అందుకే మంచి కాగితం దండగని కరెంటు బిల్లు వెనకాల రాస్తున్నాను. ఫోన్ చేస్తానని మళ్ళీ అనకు. నా చెవులు ఇంకా మొద్దుబారాయి. ఫోనులో నీ మాట నాకు గొణుగుడే. ఉత్తరంలో నువ్వు నన్ను తిట్టినా స్పష్టంగా తిడతావు.

ఖైదీల ఇంటివాళ్ళని ఎక్కించుకుని నేను నడిపే మన వ్యాను బాగానే తిరుగుతోంది. ఒక్కో వారం ఒక్కో జైలు, నెలకో శుక్రవారం నువ్వున్న కొండ మీది జైలు. బండి ఎక్కేముందు అందరి చేతా గుర్తింపు కార్డు పైకెత్తించి చూస్తున్నాను. మొన్న మిస్ పెర్లీన్ కొడుకు కోసం కోడి వేయించుకుని, కొత్త టోపీ పెట్టుకుని వచ్చింది, కార్డు మాత్రం ఇంట్లో మరిచింది. దింపేశాను. "నీ గుండె రాయే పిల్లా" అంది. అంత దూరం తీసుకెళ్ళాక గేటు దగ్గర ఏడవడం కంటే ఇక్కడ నన్ను తిట్టుకోవడం నయం కదా.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి. గారేజీ ఊరి పొలిమేర అవతల ఉంది, నేను బయల్దేరే వేళకి బస్సుండదు, రోజూ నా కారు తీస్తే పెట్రోలుకే జీతం సరి. అందుకని ఒక పాత సైకిలు కొన్నాను. ఈ వయసులో నన్ను సైకిలు మీద చూస్తే అమ్మ ముక్కున వేలేసుకునేది. మొన్న గారేజీ దారిలో ఆ చిన్న టౌనులో ఎర్ర లైటు పడింది. రోడ్డు మీద పిల్లి కూడా లేదు, దాటేశాను. వెనకాల పోలీసు పిలిచాడట, నాకు వినబడితే కదా. కారు అడ్డం పెట్టి దిగాడు. "ఏమ్మా, పిలుస్తుంటే లెక్కలేదా? కార్డు చూపించు" అన్నాడు. కార్డంటే మనకేముంది, డ్రైవింగ్ లైసెన్సే కదా. బ్యాంకుకెళ్ళినా అదే, నిన్ను చూడ్డానికొచ్చినా అదే. తీసి చేతిలో పెట్టాను. దాన్ని చూసి చలానా రాసిచ్చాడు. కోర్టుకొచ్చి వాదించుకోవచ్చట, కానీ వాళ్ళిచ్చిన తేదీ సరిగ్గా నీ కొండకి రావాల్సిన శుక్రవారం. వ్యాను నిండా జనాన్ని వదిలేసి సైకిలు గురించి వాదించనా? డబ్బు పోస్టులో పంపేశాను. పీడా పోయింది.

నీ అక్క,
ఒడెస్సా

*

కొండ మీది జైలు, లైబ్రరీ
మే

అక్కా,

నీ ఉత్తరం చేరేసరికి మూడు వారాలు పట్టింది. చదివి నవ్వలేదు. లేచి నిలబడ్డాను.

డబ్బు ఎందుకు కట్టావు? ఇక్కడ ఇన్నేళ్ళుగా చట్టం పుస్తకాలు సర్దుతున్న తమ్ముడు ఒకడున్నాడని గుర్తురాలేదా? చలానాకి డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. సైకిలు మీద చేసిన తప్పుకి మన రాష్ట్రంలో లైసెన్సు మీద తప్పుల పాయింట్లు వేయకూడదు, అది నిజం. కానీ నువ్వు తొక్కింది సైకిలు అని ఆ కాగితంలో రాసి ఉండాలి. దానికొక గడి ఉంటుంది. పోలీసు దాంట్లో టిక్కు పెట్టకపోతే, నీ లైసెన్సు నంబరు చూసిన గుమాస్తా నువ్వు కారుతోనే ఎర్ర లైటు దాటావనుకుంటాడు. నీకు కిందటేడాది వ్యాను వేగం చలానా ఒకటి ఉండనే ఉంది. రెండూ కలిస్తే వ్యాను ఇన్సూరెన్స్ వాళ్ళు ఊరుకోరు.

వెంటనే ఆ టౌను కోర్టుకి వెళ్ళు. కాగితం తీయించి ఆ గడి చూడు. ఖాళీగా ఉంటే అప్పీలు పెట్టు. నెల రోజులే గడువు, అందులో చాలా భాగం నీ ఉత్తరం దారిలోనే తినేసింది. చదవడం పూర్తికాకముందే బయల్దేరు.

నేను బాగానే ఉన్నాను. కాస్త తగ్గాను. ఈ మధ్య వంటవాడు మారాడు, వాడి పుణ్యమే. పోయిన శుక్రవారం విజిటింగ్ హాల్లో మెషీన్‌లో కోడి రెక్కలు కొనిచ్చావు, చలానా ఊసెత్తలేదు గానీ తినలేదని అలిగావు. ఆకలి లేదంతే, అలక మాను.

నీ తమ్ముడు,
కార్నెల్

*

జర్మన్‌టౌన్, ఫిలడెల్ఫియా
జూన్

లాయరు గారూ,

తమరి ఉత్తరం అందింది. కంగారు పడకు. పక్కింటి అమ్మాయి చేత కోర్టుకి ఫోన్ చేయించాను. అంతా సర్దుకుంది. సైకిలని వాళ్ళకీ తెలుసట. నీకు పుస్తకాలు ఎక్కువయ్యాయి, చీమని చూసి పామంటావు.

ఈ నెల కొండకి రాలేను. వ్యాను గేరుబాక్సు పోయింది. మిస్టర్ ఎల్‌వుడ్ సంగతి నీకు తెలుసుగా, ఓనరయ్యుండీ ఒక మరమ్మతుకి పది షెడ్లు తిరుగుతాడు. వచ్చే నెలా అనుమానమే. మిస్ పెర్లీన్ రోజూ తలుపు కొట్టి, "బండి ఎప్పుడు, బండి ఎప్పుడు" అంటోంది. నేనేం చెప్పను.

రెక్కలు తినకపోతే పోనీ, పాలైనా తాగు. పోయిన ఉత్తరంలో నీ అక్షరాలు పక్కకి పడిపోతున్నాయి. అమ్మ ముందు రాసుంటే వీపు మీద ఒకటి పడేది.

అక్క

*

కొండ మీది జైలు
జులై

అక్కా,

హమ్మయ్య. కోర్టు గొడవ తీరిందంటే నా తల మీద బరువు దిగింది. గేరుబాక్సు ఒక్కటే అయితే అదేం లెక్క.

నువ్వు రాకపోవడమే మంచిదైంది. విజిటింగ్ హాలుకి రంగులు వేస్తున్నారు, వాసనకి తల తిరుగుతోంది. అక్టోబరు దాకా రాకు. నన్నిప్పుడు వేరే బ్లాకుకి మార్చారు. ఇక్కడ కిటికీ ఉంది. మంచం మీద కూర్చుంటే కంచె, కంచె అవతల రోడ్డు, నీళ్ళ ట్యాంకు కనబడతాయి. ముప్పై ఏళ్ళలో నాకు రోడ్డు కనబడటం ఇదే మొదలు. కార్లు లెక్కపెడుతూ కూర్చుంటున్నాను.

అక్షరాల సంగతి, హ్యాండ్‌బాల్ ఆడుతూ చెయ్యి బెణికింది. ఈ వయసులో ఆటలేమిటని నువ్వంటావని ముందు చెప్పలేదు.

కార్నెల్

*

జర్మన్‌టౌన్, ఫిలడెల్ఫియా
సెప్టెంబరు

కార్నెల్,

అబద్ధం రాశాను. గేరుబాక్సు బాగానే ఉంది.

నీ మే ఉత్తరం వచ్చేసరికి గడువు అయిపోయింది. అయినా కోర్టుకెళ్ళాను. కాగితం తీసి చూపించారు. నువ్వన్న గడి ఉంది, ఖాళీగా ఉంది. "నేను తొక్కింది సైకిలండీ, కావాలంటే బయట గోడకి ఆనించాను, వచ్చి చూడండి" అన్నాను. గుమాస్తా మంచివాడే. "చూసి ఏం చేయనమ్మా, డబ్బు కట్టేశారుగా. కట్టారంటే ఒప్పుకున్నట్టేగా" అన్నాడు. ఇది నువ్వు నాకు ముందే రాసిన మాటే. గడువు దాటినా వినమని అర్జీ పెట్టాను. జడ్జి కుదరదన్నాడు.

పాయింట్లు లైసెన్సు మీద పడ్డాయి. పాతదీ కొత్తదీ కలిపి వ్యాను ఇన్సూరెన్స్ వాళ్ళు నా పేరు కొట్టేశారు. ఆమెని నడపనిస్తే పాలసీయే రద్దు అన్నారట. మిస్టర్ ఎల్‌వుడ్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వేరే డ్రైవరు కోసం నెలంతా వెతికాడు. ఆ దూరం, ఆ జీతం, ఆ వేళ, ఎవరొస్తారు? చివరికి వ్యాను అమ్మేశాడు. ఇప్పుడు కొండకి బండి లేదు, ఏ జైలుకీ లేదు. మిస్ పెర్లీన్ ఇప్పుడు తలుపు కొట్టదు. వీధిలో కనబడితే తలవంచుకుని పోతుంది. నేను ఎర్ర లైటు దాటినందుకు ఆవిడ కొడుకు మొహం చూడలేకపోతోంది. నేను ఆవిడ మొహం చూడలేకపోతున్నాను.

ఇంకా ఉంది. నా సొంత కారు ఇన్సూరెన్స్ కూడా పెంచేశారు, కట్టలేక అది ఆగిపోయింది. నీ పుట్టినరోజుకి ఎలాగైనా నిన్ను చూడాలనిపించింది. ఇన్సూరెన్స్ లేని కారేసుకుని బయల్దేరాను. నిదానంగా, ప్రతి లైటు దగ్గరా ఆగుతూనే వచ్చాను. సగం దారిలో ఒక వెనక దీపం వెలగడం లేదని ఆపారు. కారు లాక్కెళ్ళారు. లైసెన్సు మూడు నెలలు ఆపేశారు. నీ కోసం చేసిన కేకుని ఆ రోడ్డు పక్కన కూర్చుని నేనే తిన్నాను, ఒక ముక్క పోలీసుకి కూడా పెట్టాను. బాగుందన్నాడు.

ఆనాడు స్నేహితుడు దుకాణం లోపల మనిషిని చంపుతున్నాడని తెలియకుండా నువ్వు బయట కారు స్టార్ట్ చేసి కూర్చున్నందుకు నీకు యావజ్జీవం వేశారు. మన ఇంట్లో బండి నడపడం ఎవరికీ కలిసిరాలేదురా.

నువ్వు తిడతావని కాదు అబద్ధం చెప్పింది. నువ్వు అక్కడ ఏమీ చేయలేక గోడకి తల బాదుకుంటావని.

ఒడెస్సా

*

కొండ మీది జైలు
అక్టోబరు

అక్కా,

ఈ చేతిరాత నాది కాదు. పక్క మంచం దగ్గర సేవకి వచ్చే ఆంబ్రోస్ రాస్తున్నాడు. వాడూ ఖైదీయే, రాత మాత్రం బడిపంతులు రాత. నేను చెప్పినట్టే రాయమన్నాను, తిట్లతో సహా.

నువ్వు పిచ్చిదానివి. మొదటి రోజే నాకు నిజం రాసుంటే అర్జీ నేను రాసిచ్చేవాణ్ణి. నెగ్గేదని చెప్పను. కానీ నేను రాసుండేవాణ్ణి.

ఇక నా అబద్ధం. చెయ్యి బెణకలేదు. హాలుకి రంగులేయలేదు. నా కాలేయంలో గడ్డ ఉంది, ఏప్రిల్లోనే చెప్పారు. నువ్వు రెక్కలు కొనిచ్చిన రోజుకి నాకు తెలుసు. నీ ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను, నువ్వేమో పెర్లీన్ టోపీ గురించి చెప్పి నవ్విస్తున్నావు. మళ్ళీ నెల చెబుదాంలే అనుకున్నాను. ఆ మళ్ళీ నెలకి వ్యాను లేదు. కిటికీ ఉన్న బ్లాకు అన్నానే, అది ఆసుపత్రి వార్డు. నా ఒళ్ళు చూస్తే నువ్వు భయపడతావని అక్టోబరు దాకా రావద్దన్నాను. అక్టోబరుకి బాగుపడతాననుకోలేదు. ఏమనుకున్నానో నాకే తెలీదు.

ఇప్పుడు డాక్టరు నెలలని అనడం లేదు, వారాలంటున్నాడు.

నిన్ను చూడాలని ఉంది. ఇన్నేళ్ళలో రమ్మని నేనెప్పుడూ అడగలేదు, నువ్వే వచ్చేదానివి. ఇప్పుడు అడుగుతున్నాను. రాగలిగితే రా. ఏమీ తేవద్దు. తినలేను.

కార్నెల్
(ఆంబ్రోస్ చేత)

*

జర్మన్‌టౌన్, ఫిలడెల్ఫియా
అక్టోబరు

నా బంగారు తమ్ముడూ,

వస్తున్నాను. ఇది అత్యవసరమని పక్కింటి అమ్మాయి చేత అక్కడి ఛాప్లిన్‌కి కూడా ఫోన్ చేయించాను. ఉత్తరం ఆలస్యమైనా ఆ పాస్టరు నీకు చెప్తానన్నాడు. నవంబరు మొదటి శుక్రవారం. కొండ కింది టౌను దాకా బస్సుంది, అక్కణ్ణుంచి పైకి ఎలాగో వస్తాను, ఆ దారి నాకు కొత్తా? మిగతా సంగతులు నువ్వు ఆలోచించకు. గేటు దగ్గర గార్డు మిసెస్ కోవాల్‌చిక్ ఇంకా ఉందిగా, నన్ను చూస్తే ఎగిరి గంతేస్తుంది.

నీ ఒళ్ళు చూసి నేనెందుకు భయపడతానురా. నీకు నీళ్ళుపోసి పెంచిందాన్ని. శుక్రవారం దాకా ఉండు. అంతే నేనడిగేది.

అక్క

*

బస్సు స్టేషను, కొండ కింద
నవంబరు, శుక్రవారం సాయంత్రం

కార్నెల్,

ఇంటికెళ్ళే బస్సుకి ఇంకా టైముంది. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

నేను వచ్చాను. ముందు ఆ మాట చదువు. నేను వచ్చాను.

నీకు చెప్పనిది ఒకటుంది. లైసెన్సు ఆపడమంటే మాటతో ఆపడం కాదు, కార్డు వాళ్ళకి పోస్టులో పంపేయాలి. పంపేశాను. దాని బదులు మామూలు గుర్తింపు కార్డుకి పెట్టుకున్నాను, అది ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆగితే నువ్వు ఆగాలిగా. జనన పత్రం, వ్యాను డ్రైవరుగా నా పాత బ్యాడ్జి, విజిటింగ్ హాల్లో మనిద్దరం దిగిన ఫోటోలన్నీ సంచిలో వేసుకున్నాను. ఈ టౌనులో టాక్సీ లేదు. సైకిలుని టీవీ అట్టపెట్టెలో పెట్టి తాళ్ళతో కట్టి బస్సులో వేయించాను. నన్ను ముంచింది అదే, నిన్ను చేరడానికి మిగిలిందీ అదే.

వానలో కొండెక్కాను. సగం తొక్కాను, సగం నడిపించాను. దారిలో ఒకే ఒక లైటుంది. ఎర్రగా ఉంది. ఎవరూ లేరు. పచ్చది వచ్చేదాకా నిలబడ్డాను.

మిసెస్ కోవాల్‌చిక్ అద్దం వెనక నుంచి చూడగానే మైకులో, "అయ్యో మిస్ ఒడెస్సా, ఎన్నాళ్ళకి! ఇలా తడిసిపోయారేంటి" అంది. తువ్వాలు ఇచ్చింది. తర్వాత కార్డు అడిగింది. ఫోటోలు పరిచాను. ఒక దాంట్లో వెనకాల ఆవిడే నిలబడి ఉంది.

"మీరెవరో నాకు తెలీదా? మీ మొహం నాకు నిద్రలో కూడా గుర్తే" అంది. "కానీ లోపలికి పోవాలంటే కార్డు కావాలి కదమ్మా. మీకు నేను చెప్పాలా? కార్డు లేదని ఎంతమందిని మీరే దింపేసేవాళ్ళు."

పై అధికారిని పిలిచింది. అతనూ మర్యాదగానే చెప్పాడు, కుదరదన్నాడు. "పోనీ నేను వచ్చి వెళ్ళానని వాడికో కబురైనా చెప్పండి" అన్నాను. కబుర్లు మోయకూడదట. ఛాప్లిన్ సోమవారం దాకా సెలవట. మిసెస్ కోవాల్‌చిక్ అద్దం అవతల ఏడ్చింది, నేను ఇవతల ఏడ్చాను. అద్దం వల్ల ఒకళ్ళ ఏడుపు ఒకళ్ళకి వినబడలేదు, నాకైతే ఎలాగూ వినబడదు.

మిస్ పెర్లీన్ నన్ను రాయన్నది. గేటు దగ్గర కంటే ముందే దింపేయడం నయమని నీకు రాశాను కదా. నయమే.

బయటికొచ్చాక నీ కిటికీ గుర్తొచ్చింది. రోడ్డు, నీళ్ళ ట్యాంకు కనబడతాయన్నావు. ట్యాంకు పక్కన రోడ్డు మీదికి వెళ్ళాను. ఏ కిటికీయో తెలియదు, అన్నీ ఒకేలా ఉన్నాయి. సైకిలెక్కి ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్ళీ ఆ చివరికి తొక్కాను. చెయ్యి ఊపాను. చిన్నప్పుడు నువ్వు జ్వరంతో పైగదిలో ఉంటే కింద వీధిలో ఇలాగే తిరిగేదాన్ని, గుర్తుందా? కొన్ని కిటికీల్లో మనుషులు కనబడ్డారు. ఎవరో చెయ్యి ఊపారు. నువ్వే అనుకున్నాను. కాపలా ట్రక్కు వచ్చి పొమ్మనేదాకా తొక్కాను.

నువ్వు చూశావు. చూశావనే అనుకుని ఇంటికెళ్తున్నాను.

అక్క

*

కొండ మీది జైలు, వార్డు
నవంబరు, అదే శుక్రవారం

అక్కా,

రాసేది ఆంబ్రోసే. మాట నాది. నెమ్మదిగా చెప్తున్నాను, ఊపిరి ఆడటం లేదు.

నువ్వు రాలేదు. కోపం లేదు. ఛాప్లిన్ చెప్పాడు నువ్వొస్తావని, అందుకని పొద్దున్నే గడ్డం గీయించుకుని విజిట్ బట్టలు తొడిగించుకున్నాను. చక్రాల కుర్చీలో తలుపు దగ్గర కూర్చోబెట్టమన్నాను, నా పేరు పిలిస్తే ఆలస్యం కాకూడదని. విజిట్ టైము అయిపోయేదాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

మధ్యలో వార్డంతా కిటికీ దగ్గర చేరి ఒకటే నవ్వులు. ఏంట్రా అంటే, "ఎవరో పిచ్చిది, ఈ వానలో సైకిలేసుకుని రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతోంది" అన్నాడు ఆంబ్రోస్. "కుర్చీ ఇటు తిప్పనా, చూస్తావా?" అన్నాడు. వద్దన్నాను. ఆ క్షణంలోనే నన్ను పిలుస్తారేమో. "ఆమెకి చెప్పండిరా, డబ్బు మాత్రం కట్టొద్దని" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులైంది నవ్వి. నువ్వొచ్చాక చెబుదామని దాచుకున్నాను.

ఇప్పుడు పడుకోబెట్టారు. బట్టలు విప్పనివ్వలేదు, రేపైనా వస్తావేమో.

ఎందుకు రాలేదో రాయి.

కార్నెల్